‘రాగవాసిష్ఠం’: నాస్తిక పదానికి రెండు కొలతలు

దేవుడున్నాడనేవాడు ఆస్తికుడు, లేడనేవాడు నాస్తికుడు, తెలియదనేవాడు అజ్ఞేయవాది: ఈ విభజన ఆధునికం. మనుస్మృతి దృష్టిలో నాస్తికుడు వేదనిందకుడు. ఈశ్వరుణ్ణి అంగీకరించని నిరీశ్వర సాంఖ్యం సైతం ఆస్తిక దర్శనంగానే చెల్లింది. పాత లెక్కలో గీటురాయి దైవం కాదు, వేదప్రామాణ్యం.

కోనసీమలోని మామిడికుదురులో 1911లో జన్మించిన బోయి భీమన్న నాటకం ‘రాగవాసిష్ఠం’ను ఈ దృష్టితో చదవాలి. అస్పృశ్య కన్య అరుంధతికీ వసిష్ఠునికీ నడుమ ప్రణయం అందలి ఇతివృత్తం. ఇందులో విచారణకు నిలిచినది ఈశ్వరుని ఉనికి కాదు, అస్పృశ్యతకు శాస్త్రమిచ్చిన ఆమోదం. మనువు కొలతలో ఇది నాస్తికానికి చేరువ. నేటి కొలతలో కాదు. విశేషమేమంటే, అధమయోనిజయైన అక్షమాల వసిష్ఠుని చేరి పూజ్యురాలైందని ఆ మనుస్మృతి నవమాధ్యాయమే చెబుతున్నది. అక్షమాల అరుంధతికి నామాంతరమని ప్రసిద్ధి. వధువుకు అరుంధతీ నక్షత్రం చూపే సమాజమే ఆమె కులాన్ని ఊరి వెలుపల ఉంచింది.

నాస్తికత్వం కారణంగా 1933లో కాకినాడ పి.ఆర్. కళాశాల కొలువు కోల్పోయిన గోరా, అస్పృశ్యతపై పోరుకు దైవనిరాకరణను ఆయుధం చేసుకున్నారు. ఈ నాటకంలో భీమన్న పురాణాన్నే సాక్ష్యానికి పిలిచారు. ఇద్దరినీ ఒకే గాటన కట్టడం పొరపాటు. అయితే మహాసాధ్వి పేరిట గెలిచిన వాదం, ఏ నక్షత్రమూ కాని పాలేరు స్త్రీకి ఎంతవరకు వర్తిస్తుందన్న సందేహానికి ఈ ఇతివృత్తంలో సమాధానం దొరకదు.