వీరగల్లు - శోకమునకు రూపకల్పన

ఆత్మీయులను కోల్పోయినవారికి కళ యెట్లు ఊరట నొసగునో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో పొలముల గట్లపైనను, చెట్ల క్రిందను నిలిచియున్న వీరగల్లులే అందులకు సాక్ష్యములు. తెలుగు, తమిళము, కన్నడము కలిసి వినవచ్చు ఈ సీమలో తమిళులు వీనిని నడుకల్ అందురు. కృష్ణగిరి ప్రభుత్వ మ్యూజియములో ఇట్టివి భద్రపరుపబడి యున్నవి. చరిత్రకారులు వీనిని శాసనములుగా చదివిరి. శోకకళగా చదువుట ఈ వ్యాసోద్దేశము.

పశువులను తోలుకొనిపోవువారి నెదిర్చి మడిసినవాని రూపము రాతిపై చెక్కబడును. చేత విల్లో కత్తియో, ఒడలిలో నాటుకొన్న బాణములు, ప్రక్కన ఆలమంద. కొన్ని శిలలపై మూడంతస్తు లుండును: క్రింద పోరు, నడుమ వీరుని గొనిపోవు అప్సరసలు, పైన శివసన్నిధి. ఒక్కటి గమనింపదగును. శిల్పములో మరణ మున్నది, గాయ మున్నది. కన్నీరు మాత్రము లేదు. మరి దుఃఖ మెక్కడికి పోయెను?

దీనికి తమిళ లక్షణగ్రంథమైన తొల్కాప్పియము సమాధానము సూచించుచున్నది. రాతిని వెదకి చూచుట, కైకొనుట, నీట ముంచుట, నాటుట, పెద్దయెత్తున నైవేద్య మిడుట, స్తుతించుట - ఇట్లు నడుకల్లునకు ఆరు ఘట్టములను అది చెప్పినది. వీనిలో ఏ ఒక్కటియు ఏకాకి చేయగలది కాదు. ఊరట ముగిసిన శిల్పములో కంటె ఈ ఆరు పనులలోనే యున్నదని నా అభిప్రాయము. చేతులకు పని, పనికి క్రమము, క్రమమునకు ఊరి తోడు - శోకము ఈ మూడింటిలో కరగినది.

ఆధునిక మనశ్శాస్త్రమును ఇచ్చట స్మరింపదగును. మనసును కలచిన అనుభవములను వ్రాసికొనుట ఆరోగ్యమునకు మేలని 1986లో పెన్నెబేకర్, బీల్ అను పండితులు ప్రకటించిరి. కాని జీవితభాగస్వామిని కోల్పోయినవారిపై స్ట్రోబ్ బృందము 2002లో ప్రకటించిన పరిశీలనలో అట్టి వ్రాతవలన శోకము త్వరగా శమించినట్లు కానరాలేదు. గుండెలోనిది వెలిగ్రక్కుట మాత్రమే చాలదన్నమాట.

శిల వీరునకే కాదు, ప్రియమైన మూగజీవమునకును నిలిచినది. కర్ణాటకమందలి ఆతకూరు శాసనము (క్రీ.శ. 949-950) అడవిపందితో పోరి చచ్చిన కాళి యను వేటకుక్కను స్మరించుచున్నది. యజమాని ఆ కుక్కకు శిల నాటించి, పూజకై భూమి నేర్పరచెను.

అయినను ఈ కళలోని లోపమును దాచరాదు. ప్రసవమున పోయిన తల్లికి, పసికందునకు, ముదుసలికి ఇందు చోటు అరుదు. స్త్రీకి దక్కిన శిల తరచుగా సతికల్లు. గాజులు తొడిగిన చేయి పైకెత్తి నిలిచినది. భర్తను పోగొట్టుకొన్న ఆమెకు దుఃఖించుటకు బ్రతుకే మిగులలేదు. ఓదార్పవలసిన కళయే ఆమె బలిని కీర్తించినది.

స్త్రీల శోకకళ వేరొకటి కలదు. చావింట ఒకరి నొకరు పట్టుకొని, పోయినవారి మంచిని వరుసగా తలచుచు రాగమెత్తి ఏడ్చుట మన పల్లెలు ఎరిగినదే. తమిళమున దానిని ఒప్పారి యందురు. శిలలో లేని కన్నీరు ఇందున్నది. ఇదియు ఒంటరి యేడ్పు కాదు. ఒకరు ఎత్తగా తక్కినవారు అందుకొందురు. శిల నిలిచెను, పాట గాలిలో కలసెను.

ఈ రెండింటిని కలిపిన తెలుగు కృతికి విశ్వనాథ సత్యనారాయణగారి వరలక్ష్మీ త్రిశతి ఉదాహరణము. భార్యావియోగముచే పలికిన ఆ కావ్యమున కన్నీరును దాచలేదు, ఛందస్సును విడువలేదు. పద్యమున కున్న కట్టుబాటు రాతి గట్టితనము వంటిది. పొంగు దుఃఖమునకు అది గట్టు. ఇచ్చట భార్య బలియై కాక, జ్ఞాపకమై నిలిచినది.

కొన్ని వీరగల్లులు ఈ ప్రాంతమున వేడియప్పన్ పేర నేటికిని పూజ లందుకొనుచున్నవి. మ్యూజియమునకు చేరినవి సురక్షితములు. చావింట పాడిన పాటకు మ్యూజియము లేదు. గట్టిగా ఏడ్చుటకు సిగ్గుపడు కాలము వచ్చినది. ముదుసళ్లతోనే ఆ పదములు పోవుచున్నవి. కావున మన యువకులు వీరగల్లుల ఛాయాచిత్రములు తీయబోవునపుడు, ఆ యూరి అవ్వల కడ కూర్చుండి, వారు సమ్మతించినచో ఆ శోకములను గూడ వ్రాసికొందురుగాక. శిల యెవని పేరో చెప్పును. ఆ పేరు తలచి ఎవరు ఏడ్చిరో పాటయే చెప్పవలెను.