కావ్యంలో ఊరిని చదివిన సురవరం

కొత్తకోట చుట్టుపక్కల బి.ఏ.లో ఇంగ్లీషు సాహిత్యం చదివే పిల్లలు రొమాంటిక్, విక్టోరియన్ యుగాల తేడాను సంవత్సరాలతో గుర్తుపెట్టుకుంటారు. 1798లో వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్‌ల ‘లిరికల్ బాలడ్స్’ మొదటిదానికి గుర్తు, 1837లో విక్టోరియా రాణి పట్టానికి రావడం రెండోదానికి. అసలు తేడా చూపు ఎక్కడ ఆగుతుందన్న దాంట్లో ఉంది. వర్డ్స్‌వర్త్ వాగును చూస్తూ తన మనసులోకి దిగుతాడు. డికెన్స్ లండన్ వీధిలో నిలబడి అప్పులపాలైనవాణ్ణి, అనాథను, గుమాస్తాను చూస్తాడు.

తెలుగులో ఈ వరస తిరగబడింది. సంఘం మీద చూపు నిలిపిన వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878లోనే ‘వివేకవర్ధని’లో ధారావాహికగా వచ్చింది. ఒంటరి మనసు గోడు వినిపించిన కృష్ణశాస్త్రి ‘కృష్ణపక్షము’ 1925 నాటిది.

ఆ మరుసటి ఏడే ‘గోలకొండ పత్రిక’ మొదలుపెట్టిన సురవరం ప్రతాపరెడ్డి ఈ రెండు చూపులనూ కలిపారు. ఆయన సొంతూరు ఇటిక్యాలపాడు. 1952లో కొత్తకోటకు దగ్గర్లోని వనపర్తి నుంచే శాసనసభకు గెలిచారు. 1949లో వచ్చిన ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ పనితనం చూడండి. రాజుల వంశావళిని పక్కనబెట్టి కావ్యాలనే సాక్ష్యానికి పిలిచారు. ‘క్రీడాభిరామము’లో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధులు తిరుగుతుంటే రసికుడు శృంగారం దగ్గర ఆగుతాడు. సురవరం పూటకూళ్ల ఇంటి దగ్గర ఆగి, రూకకు ఏమేం వడ్డించారో చూస్తారు. ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుడి ఆతిథ్యం ఆయనకు భక్తితోపాటు ఏ కాలంలో ఏం తిన్నారో చెప్పే ఆధారం. ‘శుకసప్తతి’, ‘హంసవింశతి’ల్లోని ఆటల పేర్లను నిఘంటువులు ‘క్రీడావిశేషము’ అని దాటేస్తే, ఆయన వాటి జాడ పల్లె జనం నోట వెతికారు.

పద్యం మీద ప్రేమ లేనివాడు ఇన్ని కావ్యాలు చదవడు. జనం మీద ధ్యాస లేనివాడికి వాటిలో పూటకూళ్ల ఇల్లు కనబడదు. 1953లో ఆయన పోయాక, 1955లో తెలుగుకు వచ్చిన తొలి కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం ఈ పుస్తకానికే దక్కింది. రెండు యుగాల తేడా పట్టుబడాలంటే మన పిల్లలు ‘క్రీడాభిరామము’ను రెండుసార్లు చదవాలి: ఒకసారి రసికుడిలా, మరోసారి సురవరంలా.