సిగ్నల్ కాడనా, రింగ్ రోడ్డు మీదనా?

పాత కారు బోనెట్ కింద నుంచి ఆవిరి లేవగానే నలుగురు చేరతారు. రేడియేటర్ మార్చెయ్యమని ఒకరంటారు, థర్మోస్టాట్ పీకి పారేస్తే పీడ పోతుందని ఇంకొకరు. నీళ్ల బాటిల్ పట్టుకుని మూత తిప్పబోయేవాడు ఒకడు ఎలాగూ ఉంటాడు. పని తెలిసిన మెకానిక్ మాత్రం బోనెట్ ఎత్తకముందే ఒకటి అడుగుతాడు: "ఎప్పుడు హీటైతుంది సార్? సిగ్నల్ కాడ ఆగినప్పుడా, రింగ్ రోడ్డు మీద ఉరికిస్తుంటేనా?"

సగం పరీక్ష ఆ ప్రశ్నతోనే అయిపోతుంది. మన రోడ్డు పక్క రేకుల షెడ్డుల్లో తరం నుంచి తరానికి అందుతున్న విద్యలో ఇంతకంటే విలువైనది లేదని నా అభిప్రాయం. దీనికి పానా పని లేదు, స్కానర్ పని లేదు. కారు నడిపేవాడు నిజం చెప్పాలి, అడిగేవాడికి వినే ఓపిక ఉండాలి.

ఈ పరీక్షకు శంషాబాద్ దగ్గరి మామిడిపల్లి చుట్టుపక్కల కంటే అనువైన చోటు దొరకదు. 2008 మార్చిలో విమానాలు బేగంపేట వదిలి శంషాబాద్ చేరాక, పహాడీషరీఫ్ మీదుగా మామిడిపల్లి దాటి విమానాశ్రయం వైపు పోయే దారి ట్యాక్సీలకు బాగా అలవాటైంది. నగరంలోంచి చాంద్రాయణగుట్ట దాకా మొదటి గేరు, రెండో గేరులో పాకాల్సిందే. కాస్త ముందుకెళ్లి తుక్కుగూడ దగ్గర ఔటర్ ఎక్కితే 158 కిలోమీటర్ల రింగ్ రోడ్డు, గంటకు 120 దాకా అనుమతి. నిలిచి కాగే కారునీ, పరిగెత్తి కాగే కారునీ ఒక్క ప్రయాణంలోనే విడదీసి చూపించే రూటు ఇది.

ఆ తేడా ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ఇంజిన్ లెక్క కొంచెం చూడాలి. పెట్రోల్ మండగా పుట్టిన వేడిలో స్థూలంగా మూడో వంతు కూడా చక్రాలకు చేరదు. మరో మూడో వంతు సైలెన్సర్ గుండా పోతుంది. దాదాపు అంతే వేడిని నీళ్లు మోసుకెళ్లి రేడియేటర్‌లో గాలికి అప్పగించాలి. అంటే రెండు పనులు జరగాలి: నీళ్లు తిరగాలి, గాలి తగలాలి. కారు వేగంగా పోతుంటే గాలి దానంతటదే కొడుతుంది, ఫ్యాన్ లేకపోయినా పెద్దగా తెలియదు. ఆగి ఉన్నప్పుడు భారమంతా ఫ్యాన్‌దే. కాబట్టి ట్రాఫిక్‌లో కాగి, ఔటర్ ఎక్కగానే వేడి మీటరు ముల్లు దిగితే అనుమానం ఫ్యాన్ మీదికి పోతుంది. ట్రాఫిక్‌లో బాగుండి, వేగం పెరిగేకొద్దీ ముల్లు లేస్తే గాలి సరిపోతోంది, నీళ్లే సరిగా తిరగడం లేదు. రేడియేటర్ గొట్టాలు పూడి ఉండాలి, వాటర్ బాడీ (నీళ్ల పంపు) రెక్కలు తుప్పు తిని ఉండాలి, లేదా కింది హోస్ పైపు మెత్తబడి పంపు లాగినప్పుడల్లా లోపలికి నొక్కుకుపోతుండాలి. ఏసీ వేసినప్పుడే కాగితే రేడియేటర్ ముందున్న కండెన్సర్‌లో దుమ్ము, ఎండిన పురుగులు పేరుకున్నాయేమో చూడాలి. స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాలకే కాగితే థర్మోస్టాట్ మూసుకుపోయిందో, నీళ్లు తక్కువున్నాయో, లేక హెడ్ గ్యాస్కెట్టే పోయిందో తేల్చుకోవాలి.

ఫ్యాన్ పరీక్షలో పాత చేతి నేర్పు చూడముచ్చటగా ఉంటుంది. అంబాసిడర్‌లో ఫ్యాన్ బెల్టుతో తిరుగుతుంది. బొటనవేలితో నొక్కితే బెల్టు సుమారు సెంటీమీటరు దిగాలి, అంతకు మించి దిగితే జారుతున్నట్టే. మారుతి 800లో, ఇండికాలో కరెంటు ఫ్యాన్. నీళ్లు 90 డిగ్రీలు దాటాక రేడియేటర్ దగ్గరి స్విచ్చి దాన్ని తిప్పాలి. తిరగకపోతే ఆ స్విచ్చి వైర్లు రెండూ ఊడదీసి ఒకదానికొకటి తాకిస్తారు. అప్పుడు ఫ్యాన్ తిరిగితే పోయింది స్విచ్చి. అప్పుడూ తిరగకపోతే ఫ్యూజో, రిలేయో, మోటారో. ఇంకో చిన్న ఉపాయం ఉంది. ఫ్యాన్ తిరుగుతుండగా రేడియేటర్ ముందు పక్కన కాగితం పెడతారు, అది జాలీకి అతుక్కుని నిలవాలి. నిలవకపోతే గాలి లాగడం లేదు. ఎవరో మోటారు మార్చి వైర్లు తారుమారుగా బిగిస్తే ఫ్యాన్ బుద్ధిగా తిరుగుతూనే ఉంటుంది, కాకపోతే గాలిని ఎదురు తోస్తుంది. చూడ్డానికి అంతా బాగున్నట్టే ఉండే ఈ తప్పు అరచేయంత కాగితానికి దొరికిపోతుంది.

నీళ్ల ప్రవాహానికి చెయ్యే థర్మామీటర్. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి పై హోస్ పైపును తాకి చూస్తారు. కాసేపు చల్లగానే ఉండి, ముల్లు మధ్యకు వచ్చే సమయానికి ఒక్కసారిగా వేడెక్కితే థర్మోస్టాట్ తెరుచుకున్నట్టు. ముల్లు పైకెక్కుతున్నా పైపు చల్లగా ఉంటే తెరుచుకోలేదు. మొదటి నిమిషం నుంచే మెల్లగా వేడెక్కుతూ ఉంటే అది తెరుచుకునే ఉండిపోయింది, లేదా లోపల అసలు లేనే లేదు. ఇంజిన్ ఆపి, ఫ్యాన్ ప్లగ్ ఊడదీసి, రేడియేటర్ ముఖం మీద అరచెయ్యి ఆనించకుండా దగ్గరగా జరుపుతారు. మధ్యలో ఎక్కడైనా చల్లటి పట్టీ తగిలితే అక్కడి గొట్టాలు పూడిపోయాయి. ప్లగ్ ఊడదీయమనడం ఊరికే కాదు. కరెంటు ఫ్యాన్ ఇంజిన్ ఆగాక కూడా తిరగగలదు, అలా వేళ్లు నలిగినవాళ్లున్నారు. వాటర్ బాడీ బేరింగు సంగతి తేల్చడానికి స్క్రూడ్రైవర్ కొస పంపు మీద పెట్టి పిడి చెవికి ఆనిస్తారు. పంపు కింద చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. దాని చుట్టూ రంగు మరకలు కనిపిస్తే లోపలి సీలు అయిపోయింది.

థర్మోస్టాట్ విషయంలో మాత్రం మన షెడ్డుల మాట నేను ఒప్పుకోను. "మనది వేడి దేశం, అది చలి దేశాలోళ్లకి" అని పీకి పారేయడం ఇక్కడ ఎంత మామూలంటే, పాత కారు కొంటే అది లోపల ఉందో లేదో వెతుక్కోవాలి. దాని పని వేడి పుట్టించడం కాదు. లోపలి మైనం 82 డిగ్రీలకో, 88 డిగ్రీలకో కరిగి ఉబ్బి దారి తెరుస్తుంది, అంతవరకు ఇంజిన్ త్వరగా తన వేడికి చేరేలా చూస్తుంది. అది లేకపోతే ఇంజిన్ చాలాసేపు చల్లగా నడిచి పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, సిలిండర్ బోరు త్వరగా అరుగుతుంది. కొన్ని ఇంజిన్లలో ఇంకా విడ్డూరం జరుగుతుంది: నీళ్లు రేడియేటర్‌కు పోకుండా పక్కదారిలో తిరిగి వచ్చేస్తాయి, తీసేసినందుకే ఎక్కువ కాగుతుంది. అనుమానం ఉంటే పరీక్షించడం ఎంతసేపు? గిన్నెలో నీళ్లు పోసి, దారం కట్టి అడుగు తగలకుండా వేలాడదీసి, పొయ్యి మీద పెట్టాలి. నీళ్లు మరిగే లోపు అది పూర్తిగా తెరుచుకోవాలి, చల్లారాక మూసుకోవాలి. తెరుచుకోకపోతే కొత్తది వెయ్యాలి, వందల్లో దొరుకుతుంది.

రేడియేటర్ మూతను కూడా ఎవరూ పట్టించుకోరు. శంషాబాద్ విమానాశ్రయం సముద్ర మట్టానికి సుమారు 617 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ ఎత్తులో మూత లేని నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూతలోని స్ప్రింగు దాదాపు 0.9 కేజీల ఒత్తిడి నిలబెడితే మరిగే స్థాయి 120 దగ్గరికి పోతుంది. స్ప్రింగు నీరసపడ్డా, రబ్బరు చిట్లినా ఆ ఇరవై డిగ్రీల వెసులుబాటు పోతుంది, మిగతా అన్నీ బాగున్నా నీళ్లు పొంగుతాయి. అందుకే పాతకారుకు మొదటి ఖర్చుగా కొత్త మూత కొనమంటాను. కాగిన ఇంజిన్ మీద మూత తిప్పకూడదనడానికి కారణమూ ఇదే: ఒత్తిడి పోయిన క్షణంలో నూటికి పైబడిన నీళ్లు ఒక్కసారిగా మరిగి, ఆవిరితో పాటు మొహం మీదికి లేస్తాయి.

ఇక నీళ్లు. మన దక్కను రాతినేల బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. గీజర్ కాయిల్ మీద పేరుకునే తెల్ల పొరే ఇంజిన్ లోపలి గోడల మీదా పేరుకుంటుంది, వేడిని నీళ్లకు అందనివ్వదు. దారిలో ఆగిన ప్రతిసారీ దొరికిన బోరింగు నీళ్లు పోసి నడిపిన కారు రేడియేటర్ విప్పితే ఈ చరిత్రంతా కనిపిస్తుంది. "మనకు గడ్డకట్టే చలి లేదు, కూలెంట్ ఎందుకు?" అనేవాళ్లు దాని మిగతా పనులు మరిచిపోతారు. అది తుప్పును ఆపుతుంది, మరిగే స్థాయిని పెంచుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో సగానికి సగం కలిపి పోసి, పాతరకం ఆకుపచ్చ కూలెంట్ అయితే రెండేళ్లకోసారి మార్చాలి. లీకు ఆపడానికి రేడియేటర్‌లో పసుపు వేసే చిట్కా ఇంటికి చేరడానికి పనికొస్తుంది. అదే వైద్యమనుకుని వదిలేస్తే లీకుతో పాటు సన్న గొట్టాలు కూడా పూడతాయి.

అందరూ భయపడేది బ్లాకుకూ హెడ్డుకూ నడుమ ఉండే హెడ్ గ్యాస్కెట్ పోవడం. లీకు ఎక్కడా కనిపించకుండా నీళ్లు తగ్గుతుంటే, ఉదయం చల్లటి ఇంజిన్ మీద మూత తీసి స్టార్ట్ చేయించాలి. నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తే సిలిండర్లో మండిన గ్యాసు నీళ్లలోకి దూరుతోంది. మూత బిగించి స్టార్ట్ చేసిన నిమిషంలోనే, నీళ్లు ఇంకా చల్లగా ఉండగానే, పై పైపు గట్టిపడినా అదే అర్థం. ఆయిల్ మూత కింద పాలరంగు జిడ్డు, వేడెక్కాక కూడా తగ్గని తెల్ల పొగ, విప్పిన స్పార్క్ ప్లగ్గుల్లో ఒక్కటి మాత్రం కడిగినట్టు మెరవడం కూడా దీని గుర్తులే. సందేహం మిగిలితే నీలం ద్రవంతో చేసే పరీక్ష ఉంది. రేడియేటర్ నోటి దగ్గరి గాలిని దానిలోంచి లాగితే, మండిన గ్యాసు ఉన్నప్పుడు అది పసుపుగా మారుతుంది. పాత అంబాసిడర్ పెట్రోల్ ఇంజిన్‌కు పోత ఇనుప హెడ్డు, కాస్త కాగినా ఓర్చుకునేది. ప్రీమియర్ పద్మినిది, మారుతి 800ది అల్యూమినియం. ఇనుము కంటే రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి ఒక్కసారి గట్టిగా కాగితే వంగుతుంది. సుజుకి చిన్న ఇంజిన్లలో ఆ వంపు 0.05 మిల్లీమీటరు దాటకూడదు. దాటితే లేత్ షాపుకు పంపి ఫేసింగ్ చేయించక తప్పదు. ముల్లు ఎర్రగీత తాకాక "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అని నడిపినందుకు పడే జరిమానా ఇది.

కాగడమంటే ఎప్పుడూ నీళ్ల గొడవే కాదు. పాయింట్ సెట్ కార్లలో ఇగ్నిషన్ టైమింగ్ వెనకబడితే ఇంజిన్ లాగదు, కాగుతుంది. బ్రేకు పట్టేసి ఉంటే కారు తనను తానే ఈడ్చుకుంటూ కాగుతుంది. అందుకే ముదురు మెకానిక్ ఒకరు బండి ఆపగానే చక్రాల దగ్గర చెయ్యి పెట్టి నాలుగింటి వేడీ పోల్చి చూస్తాడు. ఒక్కోసారి ఇంజిన్ అసలు కాగనే లేదు, మీటరే అబద్ధమాడుతుంటుంది. సెన్సార్ వైరు తోలు ఊడి బాడీకి తగిలితే ముల్లు కొసకు పోయి కూర్చుంటుంది. ముల్లు పైన ఉండి, పై పైపు చెయ్యి ఓర్చుకునేంత వేడే ఉంటే, థర్మోస్టాట్ బాగుందని తేలాక వైరు చూడాలి.

ఈ విద్య మనతో ఎన్నాళ్లుంటుందో ఆలోచించాల్సిందే. ఇత్తడి, రాగి రేడియేటర్‌ను విప్పి, పుల్లలతో గొట్టాలు దులిపి, టంకం పెట్టే పనివాళ్లున్నంత కాలం అదే రేడియేటర్ కారంత కాలం నడిచేది. అల్యూమినియం, ప్లాస్టిక్ రేడియేటర్లు వచ్చాక బాగుచేయడం పోయి మార్చడమే మిగిలింది. కొత్త కార్లలో స్కానర్ వేడి ఎంతో అంకెల్లో చెబుతుంది, మంచిదే. కానీ కాగితం పెట్టి ఫ్యాన్ తిప్పలు కనిపెట్టడం, పైపు పట్టుకుని థర్మోస్టాట్ సంగతి చెప్పడం ఆ తెర మీద రాదు. ఈ విద్యలో థర్మోస్టాట్ పీకేయడం, పసుపు పోయడం లాంటి చెడ్డ అలవాట్లు వదిలేసి, అడిగి చూసి తాకి తేల్చే పద్ధతిని ఐటీఐ కుర్రాళ్లకు పాఠంగా చెప్పాలి.

పాతకారు ఉన్నవాళ్లు ఈ వేసవికి ముందు ఒక ఉదయం చల్లటి ఇంజిన్ మీద మూత తీసి నీళ్ల రంగు చూడండి. షెడ్డుకు పోయినప్పుడు "రేడియేటర్ మార్చు" అని మొదలుపెట్టకుండా ఎప్పుడు, ఏ రోడ్డు మీద, ఏసీతోనా లేకుండానా కాగిందో చెప్పండి. ఆ మాట వినకుండానే పానా ఎత్తే మెకానిక్ అయితే బండి ఇంకో షెడ్డుకు తీసుకెళ్లండి.