కోడి తినదట!

ఆదివారం పొద్దున్నే నాకు చైనీస్ పాఠం. ఈ వయసులో ఇదేం పిచ్చి అని ఇంట్లోవాళ్లు కొన్నాళ్లు అన్నారు, తర్వాత విసిగి ఊరుకున్నారు. మొన్నటి పాఠంలో నాలుగే ముక్కల వాక్యం ఒకటి తగిలింది: జీ బు ఛి ల. జీ అంటే కోడి, బు అంటే లేదు, ఛి అంటే తినడం, చివరి 'ల' పరిస్థితి మారిందని చెప్పే చిన్న ముక్క. "కోడి మేత ముట్టడం మానేసింది" అని ఠకీమని చెప్పాను. లావోషీ (అక్కడ టీచర్ని అలాగే పిలుస్తారు) పడీపడీ నవ్వారు. "వాళ్లు భోజనాల బల్ల దగ్గర ఉన్నారండీ" అన్నారు. కోడికూర ఇక చాలు, వడ్డించొద్దు అని దాని భావం.

నా సంజాయిషీ నాకుంది. చైనీస్‌లో విభక్తులు లేవు, కర్తను బట్టి క్రియ కూడా మారదు. వచ్చాడు, వచ్చింది, వచ్చారు, అన్నిటికీ ఒకటే 'లాయ్ ల'. నేనేమో పేరు చివర 'ని' కోసం తడుముకునేవాణ్ని. కుక్క మనిషిని కరిచినా, మనిషిని కుక్క కరిచినా మనకు ఒకటే. అక్కడ 'గోవ్ యావ్ రెన్' (కుక్క మనిషిని కరుస్తుంది) అన్నదాంట్లో కుక్కనీ మనిషినీ అటూ ఇటూ మారిస్తే పేపర్లో వేసుకోవాల్సిన వార్త అవుతుంది. 'బా' ఒక్కటే కాస్త మన చుట్టంలా కనపడింది. అది కర్మను తీసుకొచ్చి క్రియకు ముందు కూర్చోబెడుతుంది. వో బా ఫింగ్‌గువో ఛి ల: నేను ఆపిల్‌ని తినేశాను. మన 'ని' పేరు వెనక నడిస్తే వాళ్ల 'బా' ముందు నడుస్తుంది.

ఇన్ని తక్కువ ఆనవాళ్లతో వాళ్ల బుర్ర వాక్యాన్ని ఎలా కూర్చుకుంటుంది? తలకు ఎలక్ట్రోడ్లు అంటించి చూసినవాళ్లున్నారు. 1980లో మార్తా కుటాస్, స్టీవెన్ హిల్‌యార్డ్ వేడి బ్రెడ్డుకు మేజోళ్లు పూశాడనే తరహా ఇంగ్లిష్ వాక్యాలు చదివించారు. 'మేజోళ్లు' కంటపడ్డ 400 మిల్లీసెకన్ల ప్రాంతంలో మెదడు నుంచి ఒక రుణ తరంగం లేచింది. దాని పేరు ఎన్400. అర్థం పొసగకపోతే అది పలుకుతుంది. వ్యాకరణం చెడితే తరచు పీ600 అనేది ఇంకాస్త ఆలస్యంగా వస్తుంది.

రెండూ ఒకే మాటలో చెడితే? అసలు తగువు ఇక్కడే. 2002లో ఆన్యా హానే, అంగేలా ఫ్రీడెరిసి తలుపు తాళాన్ని తిన్నారనే లాంటి జర్మన్ వాక్యాలను వ్యాకరణం కూడా పాడుచేసి వినిపించారు. వాక్యం సరిగ్గా ఉందా అని అడిగినప్పుడు ఎన్400 రాలేదు. వ్యాకరణం గుమ్మంలోనే ఆపేసింది, అర్థం దాకా పోనివ్వలేదన్నమాట. 2010లో ఝాంగ్ యాషూ బృందం చైనీస్ పాఠకులతో ఇలాంటి పరీక్షే చేస్తే వ్యాకరణం కూలిపోయినా ఎన్400 లేచి కూర్చుంది. అర్థానికి వ్యాకరణం లైసెన్సు ఇవ్వనక్కర్లేదని వ్యాసం శీర్షికలోనే చెప్పేశారు. అలాగని జర్మన్లకు వ్యాకరణం, చైనీయులకు అర్థం అని వాటాలు పంచేవాళ్లను నేను నమ్మను. వ్యాకరణం సంగతి వదిలేసి అర్థమే చూడమంటే జర్మన్ శ్రోతల్లోనూ ఎన్400 కనపడింది మరి.

విభక్తుల భాష నాది అన్న నా ధీమా కూడా ఎంతోసేపు నిలవలేదు. "పిల్లి పాలు తాగింది" అంటాం. పాలకు 'ని' ఏది? పాలు పిల్లిని తాగవు కాబట్టి సరిపోయింది. "చేప తింటుందా?" అన్న ప్రశ్న ఇంకా తమాషా. కొత్త కోడలి గురించి అడిగితే ఒకటి, అక్వేరియం ముందు నిలబడి అడిగితే ఇంకొకటి. కర్త కనపడదు, 'ని' వినపడదు, 'తింటుంది' ఆడమనిషికీ చేపకీ ఉమ్మడి. తెలుగువాళ్లం రోజూ కంచాల ముందు చైనీస్ వాక్యాలే మాట్లాడుతున్నాం.

ఇది చెబితే లావోషీ సంబరపడి, వచ్చే ఆదివారానికి ఇలాంటివి పది పట్టుకురమ్మన్నారు. ఆరు దొరికాయి. మిగతా నాలుగూ మీరు పంపాలి.