బోరు నీటికి బడ్జెట్

అమరావతి దగ్గర కృష్ణ కంటికి కనిపిస్తుంది. ఏట్లో నీరు ఎంతుందో గట్టు మీద నిలబడితే చాలు, తెలిసిపోతుంది. అదే పల్నాడులో వినుకొండ దాటి బొల్లాపల్లి వైపు మెట్టలకు వెళితే చాలాచోట్ల నీరు రాతి కింద ఉంటుంది. మోటారు ఆగి ఆగి పోయడం మొదలుపెట్టాక గాని బోరు అడుగంటిందని రైతుకు తెలియదు. అప్పటికి పైరు సగం కాలంలో ఉంటుంది, అప్పు మొత్తం నేలలో ఉంటుంది.

కంటపడని ఈ నీటిని రైతులే కొలిచి, ఆ లెక్కను బట్టి పంట వేసుకునే పద్ధతి ఒకటి మన పొరుగునే రూపుదిద్దుకుంది. 2003లో మొదలైన ‘ఆంధ్రప్రదేశ్ రైతు నిర్వహణ భూగర్భ జల వ్యవస్థల పథకం’ ప్రకాశం, కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో 600కు పైగా పల్లెల్లో నడిచింది. డబ్బు నెదర్లాండ్స్‌ది, సాంకేతిక అండ ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థది. ఊళ్ళలో పని చూసుకున్నవి స్థానిక స్వచ్ఛంద సంస్థలు. పథకాల చరిత్ర ఇంతవరకు చాలు. చూడవలసింది పనితనం.

మొదటి పనిముట్టు వానమాపకం. పైన గరాటు, కింద సీసా, పక్కన కొలజాడీ. గరాటు అంచును పదునుగా చెక్కుతారు. అంచు మీద పడిన చినుకు లోపలికో బయటికో తెగిపోవాలి గాని, అక్కడే నిలిచి లెక్క తప్పించకూడదు. గరాటు నోరు 200 చదరపు సెంటీమీటర్లయితే ఒక మిల్లీమీటరు వానకు సీసాలో చేరేది 20 మిల్లీలీటర్లు. జాడీ నోరు గరాటుకన్నా చాలా సన్నం కాబట్టి అందులో పోసినప్పుడు ఆ కాస్త వానే ఎత్తుగా లేచి నిలుస్తుంది, అరమిల్లీమీటరు తేడా కూడా తెలుస్తుంది. రోజూ ఉదయం ఒకే వేళకు చూసి రాయడమే రైతు పని.

రెండోది నీటిమట్టం కొలిచే టేపు. చివర లోహపు మొన, అందులో ఒకదానికొకటి తగలని రెండు తీగలు, పైన బ్యాటరీ, బజరు. మొన నీటిని తాకగానే నీరే ఆ రెండు తీగలనూ కలుపుతుంది, బజరు మోగుతుంది. అక్కడ టేపు మీద అంకె చదవాలి. చెప్పినంత తేలిక కాదు. మోటారు ఆపి, లాగిన నీరు మళ్ళీ తేరుకునేదాకా ఆగాలి. కేసింగ్ పైపు మీద గుర్తు పెట్టిన చోటునుంచే ప్రతిసారీ కొలవాలి. నేలపైకి పైపు ఎంత లేచిందో అంత తీసేయాలి. పదిహేను రోజులకోసారి, అదే బోరు, అదే గుర్తు. రెండు కొలతలు పోల్చడానికి వీలిచ్చేది ఈ పట్టింపే.

మూడోదానికి ఒక డ్రమ్ము, ఒక స్టాప్‌వాచ్ చాలు. మన వైపు బోరు బలాన్ని ‘రెండించుల నీళ్ళు’ అని అంచనాగా చెప్పుకుంటాం. 200 లీటర్ల డ్రమ్ము వంద సెకన్లలో నిండితే సెకనుకు రెండు లీటర్లు. రోజుకు ఏడు గంటలు మోటారు నడిస్తే 50,400 లీటర్లు. ఇక అంచనాతో పని లేదు.

ఈ మూడు కొలతలనూ కలిపే తీరులోనే అసలు నేర్పు ఉంది. గట్టి రాతి నేలలో నీరు పగుళ్ళలో, మెత్తబడిన పొరల్లో మాత్రమే నిలుస్తుంది. ఆ ఖాళీ నూటికి రెండు వంతులనుకుందాం. వానాకాలంలో బోరు మట్టం మూడు మీటర్లు లేచిందంటే రైతుకు సంబరమే. కానీ 4,047 చదరపు మీటర్ల ఎకరా కింద చేరింది దాదాపు 2.4 లక్షల లీటర్లే. రబీలో వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలి, అంటే ఎకరాకు 48 లక్షల లీటర్లకు పైగా. ఒక ఎకరం వరి ఇరవై ఎకరాల కింద చేరిన నీటిని తాగేస్తుంది! 500 మిల్లీమీటర్లతో సరిపెట్టుకునే వేరుశనగకు సుమారు ఎనిమిదెకరాల కింది నీరు చాలు. పక్కవాడి నీరు ఎవడు తాగుతున్నాడో ఎవరూ వేలెత్తి చూపనక్కరలేదు. ఈ గుణకారం చేసిన రైతుకు తనంతట తానే తెలుస్తుంది.

ఈ గుణకారం నేర్పింది ఆ పథకంలోని రైతు నీటి బడి. దీని మూలం ఇండోనేషియాలో 1989లో వరి చీడల అదుపు కోసం మొదలైన పొలంబడిలో ఉంది. నీటి బడి జూన్ నుంచి మే వరకు, ఒక జల సంవత్సరం పొడుగునా సాగుతుంది. ముందు ఉపన్యాసం, తర్వాత పొలం అన్న వరస ఇక్కడ లేదు. కొలిచి వచ్చి కూర్చుని, వచ్చిన అంకెలను రైతులే పటంగా గీసి, మిగతావాళ్ళకు చెబుతారు. అక్షరాలు రానివాళ్ళు కూడా మట్టం గీత లేచిందో దిగిందో చదవగలరు.

అక్టోబరు వచ్చేసరికి బడ్జెట్ సభ. హద్దు ఊరు కాదు, వాగు. ఒక వాగులోకి నీరు చేర్చే ఊళ్ళన్నీ ఒక లెక్క కిందికి వస్తాయి, ఎందుకంటే భూగర్భ జలానికి పంచాయతీ పొలిమేర తెలియదు. చేరిన నీటిలోంచి మనుషుల, పశువుల తాగునీరు ముందు తీసి పక్కన పెడతారు. రబీలో ఎవరెవరు ఏమి వేయదలిచారో అడిగి, పంటవారీగా నీరు కట్టి, మొత్తాన్ని అందరికీ కనిపించేలా రాస్తారు. లోటు వస్తే లోటని రాస్తారు. వరి వేయొద్దని ఎవరినీ శాసించరు, జరిమానా లేదు. పంట వేశాక మళ్ళీ చూసి, అనుకున్నదానికీ వేసినదానికీ తేడా రాసుకుంటారు.

శాసనం లేని లెక్క నీటిని కాపాడుతుందా? ప్రపంచ బ్యాంకు 2010లో వెలువరించిన భూగర్భ జల నివేదికలో దీనికి జవాబుంది. మూడేళ్ళలో నూటికి 42 వాగు పరీవాహకాల్లో రబీ తోడకం వరుసగా తగ్గింది, 51 చోట్ల కొన్నేళ్ళు తగ్గింది, 7 చోట్ల మాత్రం పెరిగింది. తోటి రైతు కొలిచిన అంకెను రైతు నమ్మాడు. నా మటుకు ఈ పథకంలో అన్నిటికన్నా గొప్ప పనితనం ఇదే.

పల్నాడు మెట్టల్లో బోరున్న రైతులకు ఒక మాట. పథకం కోసం చూడనక్కరలేదు. ఒక వానమాపకం, ఊరికో టేపు, ఒక నోటుపుస్తకం సమకూర్చుకోండి. ఈ జూన్‌లో మొదటి అంకె రాయండి, అక్టోబరులో రబీ విత్తనం కొనేముందు ఆ పుస్తకం తెరిచి చూడండి.