తాళాల పాఠపరిష్కరణ: లినక్స్ కెర్నెల్‌లో ఒక ఉదంతం

ఒకే గ్రంథానికి పది వ్రాతప్రతులు దొరికినప్పుడు పరిష్కర్త చేసే పని మనకు పరిచితమే. 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించడానికి ముందు బ్రౌన్ ఎన్నో ప్రతులను సేకరించి పోల్చి చూశాడు. కంప్యూటర్ ప్రోగ్రాములకూ ఇటువంటి పరిష్కరణ ఉంది. దానిని రీఫ్యాక్టరింగ్ అంటారు: ప్రోగ్రాము చేసే పని మారకుండా దాని నిర్మాణాన్ని చక్కదిద్దడం. ‘పని మారకుండా’ అన్న మాటను ఎంతవరకు నమ్మవచ్చునన్నదే ఈ వ్యాసంలో నా ప్రశ్న. ఇందుకు నేను ఎంచుకున్న పాఠం, 2008లో మాథ్యూ విల్కాక్స్ లినక్స్ కెర్నెల్‌లో చేసిన సెమఫోర్ల ఏకీకరణ. నేను వైద్యుణ్ణి, ప్రోగ్రామర్ని కాను. పాఠకుడిగానే దీనిని చదివాను.

ఒకే సమాచారాన్ని రెండు ప్రాసెసర్లు ఒకేసారి మార్చబోతే అది చెడిపోతుంది. కనుక ఒకరు లోపల ఉన్నంతసేపు రెండవవారు ఆగాలి. ఇక్కడ షెఫీల్డ్‌లో, మా వార్డులో మార్ఫిన్ ఉంచే బీరువా తాళంచెవి డ్యూటీలో ఉన్న నర్సు ఒకరి దగ్గరే ఉంటుంది. ఇదీ అటువంటి ఏర్పాటే. ఆగే పద్ధతులు రెండు. బీరువా ముందే నిలబడి తాళంచెవి వచ్చిందా అని క్షణక్షణం చూడడం స్పిన్‌లాక్. చీటీ మీద పేరు రాసి పక్కగదిలో నిద్రపోవడం, వంతు వచ్చినప్పుడు ఎవరో లేపడం సెమఫోర్. (నైట్ డ్యూటీల్లో ఈ రెండవ పద్ధతి నాకు ఎన్నడూ లభించలేదు.) మొదటిదానిలో నిలబడిన కాలమంతా వృథా. రెండవదానిలో నిద్రపుచ్చడానికి, లేపడానికి అయ్యే ఖర్చు ఉంది.

లినక్స్ ఇరవైకి పైగా ప్రాసెసర్ రకాల మీద నడిచేది. ప్రతి రకానికీ సెమఫోర్ కోడు విడిగా ఉండేది, చాలావరకు ఒకదానికొకటి నకలుగా. ఒక నకలులో సరిదిద్దిన తప్పు మరొక నకలులో అలాగే మిగిలిపోవచ్చు. విల్కాక్స్ వీటన్నిటినీ తొలగించి, సి భాషలో అందరికీ ఒకే పాఠాన్ని రాశాడు. వేల వరుసలు తగ్గిపోయాయి. అతడు చెప్పిన కారణం క్లుప్తమైనది: సెమఫోర్లకు ఇప్పుడు వేగం కీలకం కాదు, కనుక నిర్వహణకు, తప్పులు వెతకడానికి, విస్తరించడానికి ఒకే పాఠం మేలు. అది అకారణంగా అన్న మాట కాదు. 2006లో 2.6.16తో మ్యూటెక్స్ అనే కొత్త తాళం వచ్చి, సెమఫోర్లు చేసే పనుల్లో అధికభాగాన్ని తీసుకుంటూ వచ్చింది.

అయితే మిగిలిన కొద్దిమందిలో ఒకరు సామాన్యులు కారు. 1996లో 2.0తో వచ్చిన బిగ్ కెర్నెల్ లాక్, ఆసుపత్రి మొత్తానికి ఒకే తాళంచెవి వంటిది, 2008 నాటికి సెమఫోర్ మీదనే ఆధారపడి ఉంది. 2.6.26 పరీక్షా ప్రతి వెలువడగానే ఎయిమ్7 అనే కొలమానంలో వేగం సుమారు 40 శాతం పడిపోయినట్లు తేలింది.

ఇక్కడే ఈ ఉదంతంలోని అసలు రుచి. కొత్త పాఠంలో దోషం లేదు. ఇంకా చెప్పాలంటే పాతదానికన్నా అది న్యాయమైనది. పాత పద్ధతిలో వదిలిన తాళంచెవిని, మెలకువగా ఉండి ముందుగా చేయి చాచినవాడు తీసుకోగలిగేవాడు. కొత్త పద్ధతిలో చెవి నేరుగా వరుసలో మొదటివాడికి చెందుతుంది, అతడింకా నిద్రలో ఉన్నా సరే. అతడు లేచి వచ్చేవరకు బీరువా మూసే ఉంటుంది, లోపల ఎవరూ ఉండరు. ఆ మధ్యలో వచ్చినవారు కూడా చీటీ రాసి పడుకోవలసిందే. వరుస పెరుగుతుంది, లేపడాలే పనిగా మారుతాయి. వరుస తప్పకపోవడం అరుదుగా వాడే తాళానికి గుణం. అందరూ ఎగబడే తాళానికి అదే బరువు. పాత నకళ్ళలోని ఆ చిన్న అన్యాయం మీద పెద్ద తాళం ఆధారపడి ఉందని ఎక్కడా రాసి లేదు.

వణుకు కోసం ప్రొప్రనలాల్ వాడుతున్న రోగికి వణుకు తగ్గిందని ఆ మందును ఒక్కసారిగా ఆపితే, అంతవరకు అదే మందు అణచి ఉంచిన గుండెనొప్పి బయటపడవచ్చు. మందుచీటీలో రాసిన కారణం ఒకటి, శరీరం ఆ మందును వాడుకున్న తీరు మరొకటి. నా దృష్టిలో విల్కాక్స్ వాదనలోని బలహీనత ఇటువంటిదే. సెమఫోర్లకు వేగం కీలకమా అని అతడు అడిగాడు. ఎవరి సెమఫోర్లకు అని అడగలేదు.

నకళ్ళను ముట్టుకోకుండా ఉండవలసిందన్న వాదనను మాత్రం నేను అంగీకరించను. పునరావృతి కొన్నిచోట్ల రక్షణ అన్నది నిజమే. 1985–87 మధ్య ఆరుగురు రోగులకు ప్రమాదకరమైన రేడియేషన్ ఇచ్చి, కొందరి ప్రాణాలు తీసిన థెరాక్-25 యంత్రంలో, సాఫ్ట్‌వేర్ ఉందన్న ధీమాతో పాత యాంత్రిక అడ్డుకట్టలను తీసివేశారు. దాని ముందుతరం థెరాక్-20లోనూ అటువంటి సాఫ్ట్‌వేర్ దోషమే ఉంది. అక్కడ అడ్డుకట్టలు కాపాడాయి. కానీ అవి సాఫ్ట్‌వేర్‌కు నకళ్ళు కావు, వేరే పదార్థంతో చేసిన రెండవ సాక్ష్యం. ఇరవై సెమఫోర్లు ఒకరినొకరు కాపాడుకునేవి కావు. ఒక్కొక్క యంత్రంలో ఒక్కటే నడిచేది.

ఇంగో మోల్నార్ కొత్త సెమఫోర్‌లోని వరుస నియమాన్ని సడలించే సవరణను రాశాడు. లినస్ టోర్వాల్డ్స్ ఆ దారి పట్టలేదు, పాత నకళ్ళనూ తిరిగి తేలేదు. పెద్ద తాళాన్ని సెమఫోర్ నుంచి విడదీసి మళ్ళీ స్పిన్‌లాక్‌గా మార్చాడు. కొత్త పాఠాన్ని చెడగొట్టకుండా దాని మీద చెప్పకుండా వాలినవారిని పక్కకు జరిపిన ఆ నిర్ణయం సరైనదని నా అభిప్రాయం. దాని తరువాత పెద్ద తాళాన్నే వదిలించుకునే ప్రయత్నం మొదలై, మూడేళ్ళు సాగింది. 2011 మే నెలలో వచ్చిన 2.6.39లో ఆర్న్‌డ్ బెర్గ్‌మన్ దాని చివరి ఆనవాళ్ళను తొలగించాడు. విల్కాక్స్ సెమఫోర్ మాత్రం ఇప్పటికీ ఒకే ఫైల్లో ఉంది, కొద్దిమందే వాడుతున్నారు.