తప్పిన డార్టునకు చోటు

నలువదియేండ్ల క్రిందట చదువు నిమిత్తము ఇంగ్లండులో నున్న కాలమున, మా వీథి చివరి పబ్బులో గోడకు వ్రేలాడు డార్ట్ బోర్డు ప్రక్కన సుద్దముక్క పట్టుకొని లెక్క వ్రాయుటయే ఆ యాటలో నాకు లభించిన మొదటి పని. ఏలయన, లెక్క వ్రాసినవాడే తరువాతి యాటకు దిగవలెనను మర్యాద అచ్చట నుండెను, చిన్ననాడు వల్లించిన ఎక్కములు నాకు నోటనే యుండెను.

పని ముగించుకొని యింటికి పోవుచు కొంచెముసేపు నిలిచినవారు ఆడుకొనునది 301. ఒక్కొక్కరు వరుసకు మూడేసి డార్టులు విసరి, వచ్చిన మొత్తమును 301 నుండి తీసివేయుచు, ఎవరు ముందుగా సరిగా సున్నకు దిగుదురో వారిదే గెలుపు. అయితే ఆట తెఱచు డార్టును, ముగించు డార్టును బోర్డు అంచున 8 మిల్లీమీటర్ల వెడల్పున సన్నగా చుట్టుకొనియుండి సంఖ్యను రెట్టింపు చేయు డబుల్ వలయములోనే నాటవలయును. డబుల్ పడువఱకు వేసినవేవియు లెక్కకు రావు. కడపట లెక్క సున్నకు దిగువకు పోయినను, ఒకటి మిగిలినను, డబుల్ కానిదానితో సున్నయైనను ఆ వరుస యంతయు రద్దై పూర్వపు లెక్కయే నిలుచును. వైకుంఠపాళిలో చివరి గడికి కావలసిన పందెమే పడవలెనని ఊపిరి బిగబట్టినవారికి ఈ యాదుర్దా క్రొత్త గాదు. కాని యచ్చట పడునది గవ్వ, ఇచ్చట వేయునది మన చేయి.

నిలుచు గీతకును బోర్డునకును నడుమ 7 అడుగుల 9¼ అంగుళములు. బోర్డు చుట్టును వ్రాసిన సంఖ్యలలో 20కి ఇరుప్రక్కల 1, 5. 19కి ఇరుప్రక్కల 3, 7. ఈ వరుస కూర్చినవాడు మనుష్యుని చేయి తొట్రుపడునను సత్యమును బాగుగా నెఱిగినవాడని నా నమ్మకము. ఒక్క డార్టుతో 60 నిచ్చు ట్రిబుల్ 20 నిపుణులకు రాజమార్గమే. చేయి కుదురనివానికి మాత్రము 5, 20, 1 ఈ మూడింటి సగటు తొమ్మిదికి లోపు. ఎడమవైపున 14ను జూడుడు: దాని పొరుగువారు 11, 9, సగటు పదకొండు దాటును. క్రొత్తవాడు పైకి గుఱిచూచుట గొప్పగా గనిపించును గాని, 14 మీద చూపు నిలిపినవాడే త్వరగా దిగును.

మొదటి డబుల్ విషయమునను ఇదే వివేకము కావలెను. ఎక్కువమంది డార్టులు ప్రక్కలకు గాక పైకి క్రిందికి చెదరును. అట్టివారు ఎడమ కొననున్న 11 యొక్క డబుల్‌ను గాని, కుడి కొననున్న 6 యొక్క డబుల్‌ను గాని గుఱి చేయుట మేలు. అచ్చట వలయము నిలువుగా సాగును గనుక, కొంత యెత్తున పడినను, కొంత పల్లమున పడినను ఏదో యొక డబుల్ దొరకును. ఆట తెఱచుటకు ఏ డబులైనను సరియే.

నా మొదటి యోటమి నేటికిని కన్నులకు గట్టినట్లున్నది. 18 మిగిలియుండెను. డబుల్ 9కి వేసిన డార్టు ప్రక్కనున్న 14లో దిగెను, నాలుగు మిగిలినవి. డబుల్ 2కి వేసితిని. అది పొరుగున 15లో దిగబడెను. సుద్దముక్క పట్టిన పెద్దాయన మాటాడక నా పేరు క్రింద మరల 18 వ్రాసి, ఆట ముగిసిన పిమ్మట నన్ను బోర్డు దగ్గఱకు పిలిచి, 32 నిచ్చు డబుల్ 16 మీద వ్రేలు పెట్టి చూపెను. డబుల్ 16కి వేసిన డార్టు లోపలికి జాఱి 16లో పడినచో మిగులునది 16, అనగా డబుల్ 8. అదియు జాఱినచో డబుల్ 4, పిదప డబుల్ 2, కడకు డబుల్ 1. ప్రతి తప్పును మరియొక మెట్టు మీద కాలు నిలుపును. 18కి ఆ భాగ్యము లేదు. 9లో జాఱినచో మిగులునది మరల 9, బేసి లెక్క, దానిని సరిచేయుటకే ఒక డార్టు వ్యయము. కావున లెక్క అఱువదికి దిగినది మొదలు చూపు 32 మీదనే యుండవలెను: 51 ఉన్నచో 19, 47 ఉన్నచో 15, 37 ఉన్నచో 5 వేసి 32 మిగిల్చుకొనవలెను. పెద్దసంఖ్యల యాస అచ్చటితో విడువవలయును.

ఆఱు డార్టులతోనే 301 ముగియవచ్చును: డబుల్ 20, రెండు ట్రిబుల్ 20లు కలిసి 160, పిదప ట్రిబుల్ 20, ట్రిబుల్ 19, డబుల్ 12 కలిసి తక్కిన 141. అట్టి యాట నా చేతిలో ఒక్కనాడును పుట్టలేదు. అయినను ఎన్నో సాయంకాలములు 32 నుండి మెట్టు మెట్టుగా దిగి, డబుల్ 2తో గెలిచితిని; ఆ గెలుపులలో నాకు లోపము గనిపించలేదు.

బోర్డు కొని గోడకు తగిలించుకొనబోవు పాఠకులకు నాదొక విన్నపము. మొదటనే 501 నుండి దిగు పెద్ద యాట జోలికి పోక, 301తో ఆరంభింపుడు. బోర్డు వెనుకను, ప్రక్కలను పిల్లలు తిరుగు త్రోవ లేని గోడను ఎంచుకొనుడు. లెక్క యంత్రమునకు అప్పగింపక, సుద్దముక్కతో మీరే వ్రాయుడు.